పాటను అమ్మిపెట్టిన అట్ట

పాత ఎల్పీ రికార్డులు సేకరించేవాళ్లలో ఓ విడ్డూరమైన తెగ ఉంది. బీటిల్స్ తొలి ముద్రణలు, బ్లూ నోట్ కంపెనీ జాజ్ రికార్డులు వీళ్లకు అక్కర్లేదు. బ్రిటన్‌లో చారిటీ షాపుల్లోనూ, అమెరికాలో ఇళ్ల ముందు పెట్టే పాత సామాన్ల అమ్మకాల్లోనూ నేల మీద అట్టపెట్టెల్లో పడి ఉండి, అందరూ దాటేసి పోయే రికార్డులే వీళ్లకు కావాలి. మెడలో పూలదండతో కొబ్బరిచెట్టు కింద నవ్వుతున్న అమ్మాయి, ఎర్రగుడ్డ ఊపుతున్న స్పెయిన్ ఎద్దుపోటుగాడు, చలిమంట పక్కన మద్యం గ్లాసులతో ఓ జంట, పొట్టి నిక్కరులో మోడల్. లోపల ఏ ఊరిదో తెలియని ఆర్కెస్ట్రా. వీటిని బడ్జెట్ రికార్డులంటారు. 1950ల నుంచి 1980ల మధ్య వరకూ మామూలు ధరలో సగానికీ, మూడో వంతుకీ, ఒక్కోసారి ఇంకా తక్కువకీ అమ్మిన సరుకు. వీటిని పోగేయడం ఓ పనిలేని సరదా అనుకునేవాళ్లే ఎక్కువ. నాకు అలా అనిపించదు. అమెరికా, బ్రిటన్‌లలో ఆ తరం మామూలు కుటుంబాలు ఏం వినాలనుకున్నాయో, ఏ కలకు జేబులోంచి డబ్బు తీశాయో తెలుసుకోవాలంటే గొప్పవాళ్ల గొప్ప రికార్డుల కన్నా ఈ చవక రికార్డులే నికరమైన సాక్ష్యం. అందులోనూ పాట కన్నా అట్టే పెద్ద సాక్షి.

ఇవి ఎక్కడ అమ్ముడుపోయాయో చూస్తే ఆ సంగతి బోధపడుతుంది. అమెరికాలో కొలంబియా కంపెనీ 1948లో ఎల్పీని మార్కెట్లోకి తెచ్చింది. అంతకు ఎనిమిదేళ్ల ముందే అదే కంపెనీలో అలెక్స్ స్టైన్‌వైస్ అనే కుర్ర చిత్రకారుడు, బొమ్మా రంగూ లేని కవర్లు తీసేసి బొమ్మల అట్టలు వేస్తే అమ్మకాలు పెరుగుతాయని యజమానుల్ని ఒప్పించాడు. పెరిగాయి కూడా. అయినా పెద్ద కంపెనీల రికార్డులకు అట్ట ఒక్కటే దిక్కు కాదు. సంగీత దుకాణంలో పాటలు తెలిసిన గుమాస్తా ఉంటాడు, కొనేముందు విని చూసుకోవడానికి చిన్న గది ఉంటుంది, ఆ పాట రేడియోలో అప్పటికే మోగి ఉంటుంది. 1950ల మధ్య నుంచి రికార్డులు సూపర్‌మార్కెట్లకూ, మందుల షాపులకూ, వూల్‌వర్త్ లాంటి చిల్లర సామాన్ల దుకాణాలకూ చేరాయి. సబ్బులకూ బిస్కెట్లకూ మధ్య ఓ ఇనుప స్టాండు. చాలాచోట్ల దాన్ని నింపేది దుకాణదారు కూడా కాదు, బయటి పంపిణీదారు. వచ్చినప్పుడల్లా, పోయిన సరుకు చోట కొత్తది పెట్టి, పోనిదాన్ని తీసుకుపోతాడు. అక్కడ వినిపించే గది లేదు, చెప్పేవాడు లేడు. గాయకుడి పేరు చూసి కొందామంటే ఆ పేరుగల మనిషే చాలాసార్లు లేడు. బ్రెడ్డు కోసం వచ్చిన ఇల్లాలు ఒక్క క్షణం ఆగి, చూసి, బుట్టలో వేసుకోవాలి. ఆ క్షణంలో బేరం చేయాల్సింది అట్ట ఒక్కటే. అందుకే దానికంత గొంతు.

ఇక ధర లెక్క. అప్పట్లో అమెరికాలో పెద్ద కంపెనీ మోనో ఎల్పీ 3.98 డాలర్లు, స్టీరియో అయితే 4.98. చవక లేబుళ్లు 1.98కి మొదలుపెట్టి, పోటీ పెరిగేకొద్దీ 99 సెంట్లకు దిగాయి. ఇంత తక్కువకు అమ్మితే గిట్టేదెలా? ఇక్కడ చట్టం కథలోకి వస్తుంది. 1909 నాటి అమెరికా కాపీరైట్ చట్టం ప్రకారం ఒకసారి రికార్డయిన పాటను ఎవరైనా మళ్లీ పాడించి రికార్డు చేసుకోవచ్చు. ప్రతి కాపీకీ, ప్రతి పాటకూ 2 సెంట్లు కడితే చాలు, పాట హక్కుదారు అడ్డుచెప్పడానికి లేదు. ఆ రేటు 1978 దాకా మారలేదు. పెద్ద కంపెనీకి అది లెక్కలోకి రాని ఖర్చు. 99 సెంట్ల రికార్డులో పన్నెండు పాటలుంటే మాత్రం 24 సెంట్లు, అంటే అమ్మకం ధరలో దాదాపు నాలుగో వంతు అక్కడికే పోతుంది. అందుకే బడ్జెట్ రికార్డులు కొలత తగ్గించాయి. పక్కకు ఐదే పాటలు. ఒకటో రెండో జనం నోళ్లలో నానుతున్న హిట్లు, మిగిలినవి కంపెనీ తన జీతగాళ్లతో రాయించుకున్నవో, హక్కుల గడువు తీరిన పాత బాణీలో. ఆ ఒక్క హిట్ పేరు అట్ట మీద జానెడు అక్షరాల్లో ఉంటుంది. మిగిలిన తొమ్మిదింటి జాబితా కోసం అట్ట తిప్పి కళ్లు చికిలించాలి.

ఈ పద్ధతికి నాకు నచ్చిన ఉదాహరణ 1966 నాటి ఓ పిల్లల రికార్డు. ఆ ఏడాది జనవరిలో అమెరికా టీవీలో బ్యాట్‌మ్యాన్ ధారావాహిక మొదలై, పిల్లలంతా దాని వెనక పడ్డారు. న్యూజెర్సీలో టిఫ్టన్ అనే బొమ్మల రికార్డుల లేబుల్ వెంటనే బ్యాట్‌మ్యాన్, రాబిన్ల పేరుతో ఓ ఎల్పీ వదిలింది. వాయించినవాళ్ల పేరు డాన్ అండ్ డేల్ అని ఉంటుంది. డానూ లేడు, డేలూ లేడు. నిజంగా వాయించింది జాజ్‌లో ఎవరికీ అంతుపట్టని ప్రయోగాలు చేసిన సన్ రా, ఆయన బృందంలోని కొందరు, వాళ్లతోపాటు బ్లూస్ ప్రాజెక్ట్ అనే రాక్ బృందం కుర్రాళ్లు. టీవీ బాణీ ఒక్కటి తప్ప మిగిలినవన్నీ కథలోని దొంగల, కార్ల, ఛేజింగుల పేర్లు పెట్టుకున్న పాటలు. కాస్త చెవి పెట్టి వింటే వాటిలో చైకోవ్‌స్కీ, షోపాన్, బాఖ్ బయటపడతారు. చచ్చిపోయినవాళ్లకు 2 సెంట్లు కట్టక్కర్లేదు కదా. సంగీతం గొప్పగా ఉందని ఎవరైనా అనవచ్చు, నేనూ కాదనను. అయితే ఆ రికార్డును కొన్న తల్లి సన్ రా కోసం కొనలేదు, షోపాన్ కోసం కొనలేదు. అట్ట మీద బ్యాట్‌మ్యాన్ ఉన్నాడని పిల్లాడు గోల చేస్తే కొంది. కొనుగోలు అనే చర్య అక్కడే, ఆ బొమ్మ దగ్గరే జరిగింది.

బ్రిటన్‌లో ఇదే వ్యాపారం ఇంకా పకడ్బందీగా నడిచింది. 1954 నుంచి 1965 మొదటి వరకూ వూల్‌వర్త్ దుకాణాల్లో ఎంబసీ అనే లేబుల్ ఉండేది. చిన్న రికార్డు, రెండు వైపులా రెండు హిట్ పాటలు, అసలు గాయకుల బదులు వేరే గొంతులు. ఒక హిట్ ధర కన్నా తక్కువకే రెండు. 1965లో ఈఎంఐ, పుస్తక ప్రచురణకర్త పాల్ హామ్లిన్ కలిసి మ్యూజిక్ ఫర్ ప్లెజర్ మొదలుపెట్టారు. మామూలు ఎల్పీ ముప్పై షిల్లింగులు దాటుతున్న రోజుల్లో వాళ్ల ఎల్పీ పన్నెండున్నర షిల్లింగులు. వీటన్నిటికీ తలమానికం 1968లో హాల్‌మార్క్ లేబుల్ మీద పిక్‌విక్ సంస్థ మొదలుపెట్టిన టాప్ ఆఫ్ ద పాప్స్ వరస. బీబీసీలో అదే పేరున్న టీవీ కార్యక్రమంతో దీనికి ఏ సంబంధమూ లేదు. ఉందని కొనేవాళ్లు అనుకుంటే కంపెనీకి అభ్యంతరమూ లేదు. కొద్ది వారాలకో సంపుటి చొప్పున, అప్పటి హిట్లన్నీ స్టూడియో గాయకులతో అచ్చం అసలులాగే పాడించి 1985 వరకూ 90కి పైగా సంపుటాలు వదిలారు. ప్రతి దాని అట్ట మీదా ఓ అమ్మాయి. కాలం మారేకొద్దీ దుస్తులు మారతాయి, జుట్టు మారుతుంది, అక్షరాల తీరు మారుతుంది, నవ్వు మాత్రం అదే. ఆ పదిహేడేళ్ల బ్రిటిష్ ఫ్యాషన్ చరిత్రకు పుస్తకం రాసేవాళ్లు వీటిని పక్కన పెట్టుకోకపోతే నష్టపోతారు.

ఇవెంతగా అమ్ముడుపోయేవో 1971లో లోకానికి తెలిసింది. అప్పటిదాకా చవక రికార్డుల్ని బ్రిటన్ ప్రధాన ఆల్బమ్ పట్టికలో లెక్కించేవారు కాదు. ఆ ఏడాది ఆగస్టులో నియమం సడలించగానే మ్యూజిక్ ఫర్ ప్లెజర్ వాళ్ల హాట్ హిట్స్ ఆరో సంపుటి మొదటి స్థానానికి ఎగబాకింది. ఆ నెలలోనే టాప్ ఆఫ్ ద పాప్స్ పద్దెనిమిదో సంపుటి, నవంబరులో ఇరవయ్యో సంపుటి అక్కడికి చేరాయి. పేరులేని గాయకులు పాడిన నకళ్లు దేశంలో అందరికన్నా ఎక్కువ అమ్ముడుపోతున్నాయని పట్టిక చెప్పింది. పరిశ్రమకు ఆ వార్త మింగుడుపడలేదు. 1972 జనవరికల్లా బడ్జెట్ రికార్డుల్ని మళ్లీ పట్టిక నుంచి తప్పించారు. ఆ కాలపు సంగీత చరిత్రల్లో వాటికి చోటు దొరకకపోవడానికి ఇదీ ఓ కారణం. అమ్మకాలు ఆగలేదు, లెక్కపెట్టడం ఆగింది. తర్వాతి తరం చరిత్రకారుడు పట్టిక చూసుకుని 1970ల బ్రిటన్ ఫలానావాళ్ల పాటలు విన్నదని రాస్తాడు. ఎన్నో ఇళ్లలో మోగింది ఆ పాటల నకళ్లు.

ఒక అట్టను దగ్గరగా చూద్దాం. ఫలానా అని ప్రత్యేకంగా ఒకటి అక్కర్లేదు, ఈ తరహావి వందలున్నాయి. ముందువైపు పైన ఓ మహా గాయకుడి పేరు, దుకాణం అవతలి గోడ నుంచి కూడా కనిపించేంత. దానికి పైనో కిందో, చీమ తలకాయంత అక్షరాల్లో "పేరు తెచ్చిపెట్టిన పాటలు" అన్న అర్థం వచ్చే మాట. అంటే పాడింది ఆయన కాదు. ఇది అబద్ధమని కోర్టులో ఎవరూ నిరూపించలేరు, నిజమని కొన్నవాళ్లెవరూ ఒప్పుకోరు. మధ్యలో ఓ రంగుల ఫొటో. అదే ఫొటో ఇంకో లేబుల్ మీద, ఇంకో దేశం సంగీతానికి, కుడి ఎడమలు తారుమారై కనిపించినా ఆశ్చర్యపోనక్కర్లేదు. ఫొటోలు గంపగుత్తగా కొనేవారు మరి. వెనకవైపు రంగు ఉండదు, ఖర్చు. పాటల జాబితా కింద సగం జాగా ఆ కంపెనీ ఇతర రికార్డుల పేర్లకే. వాయించినవాళ్ల పేర్లు లేవు, రికార్డు చేసిన తేదీ లేదు. రికార్డు బయటికి తీస్తే పలచగా, వంచితే వంగేలా ఉంటుంది. స్టీరియో అని అట్ట మీద మెరుస్తున్న మాట చాలాసార్లు పాత మోనో టేపును యంత్రంతో రెండుగా చీల్చినదే. ఇంత మోసం పెట్టుకున్న వస్తువు సాక్ష్యానికి పనికొస్తుందా అంటే, అందుకే పనికొస్తుంది. మోసగాడు గాలం వేసేది ఎదుటివాడి కోరిక ఉన్నచోటే.

సంగీతమే నాసిరకం అన్నది అందరూ ముందుగా చెప్పే అభ్యంతరం. సేకర్తలు దీనికి ఠక్కున జవాబు చెబుతారు. ఎల్టన్ జాన్ ఇంకా పేరు రాని రోజుల్లో, 1969-70 ప్రాంతంలో, ఈ నకలు హిట్ల రికార్డులకు పాడి పొట్టపోసుకున్నాడు. ఆ పాటల్ని తర్వాత వెతికి తీసి సీడీలుగా అమ్మారు. అమెరికాలో లూ రీడ్ పిక్‌విక్ కంపెనీలో జీతానికి పాటలు రాసేవాడు. ఏ తరహా పాట నడుస్తుంటే ఆ తరహాలో రాసివ్వడం ఆయన పని. అక్కడ 1964లో చేసిన ఓ చవక పాటను వేదిక మీద వాయించడానికి మనుషుల్ని వెతుకుతుండగానే జాన్ కేల్ పరిచయమయ్యాడు, దాంట్లోంచే వెల్వెట్ అండర్‌గ్రౌండ్ పుట్టింది. బి.బి. కింగ్ తొలి ఎల్పీలు బిహారీ సోదరుల క్రౌన్ లేబుల్ మీద వచ్చిన చవక ఎల్పీలే. ఇవన్నీ నిజమే. అయినా ఈ జవాబు నాకు నచ్చదు. ఎల్టన్ జాన్ ఉన్నాడు కాబట్టి విలువైనది అనడం మళ్లీ గొప్పవాళ్ల కొలబద్దనే పట్టుకోవడం. ఆ లెక్కన ఎల్టన్ జాన్ లేని మిగతా సంపుటాలు చెత్తకుప్పకు పోవలసిందే. నా దృష్టిలో ఆ మిగతావే ముఖ్యం.

నాసిరకం అనే మాట కూడా అన్నిటికీ చెల్లదు. సోమర్‌సెట్ లేబుల్ యజమాని డేవిడ్ మిల్లర్, అంతకుముందు ఎసెక్స్ లేబుల్ మీద బిల్ హేలీ తొలి రాక్ అండ్ రోల్ పాటలు వదిలినవాడు, 1957లో 101 స్ట్రింగ్స్ పేరుతో తీగవాద్యాల ఆర్కెస్ట్రా రికార్డులు మొదలుపెట్టాడు. వాయించింది జర్మనీలో హాంబర్గ్ రేడియో ఆర్కెస్ట్రా కళాకారులు. అమెరికాలో అంతమంది వయొలిన్‌వాళ్లను కూర్చోబెట్టాలంటే కంపెనీ దివాలా తీయాలి, జర్మనీలో ఖర్చు తక్కువ. అంటే రెండు డాలర్ల లోపు కొన్న రికార్డులో చేయి తిరిగిన శాస్త్రీయ కళాకారులే ఉన్నారు. తర్వాత ఈ పేరు అల్షైర్ అనే కంపెనీ చేతికి వెళ్లింది. 1960ల చివర వాళ్లు అంతరిక్షం పేరు పెట్టి ఓ రికార్డు తెచ్చారు. తమ దగ్గరే మూలన పడున్న ఓ రాక్ బృందం టేపుల మీద తీగవాద్యాలు కలిపి కొత్త సరుకుగా అమ్మారు. పిసినారితనంతో చేసిన ఆ కలగూరగంప కోసం ఇప్పుడు సేకర్తలు దేవులాడుతున్నారు.

ఇంతకన్నా గట్టి అభ్యంతరం ఒకటుంది. అట్ట చెప్పేది కొనేవాడి కోరికా, లేక కొనేవాడికి ఇదే కావాలని అమ్మేవాడు వేసుకున్న అంచనానా? ఇది కొట్టిపారేసే ప్రశ్న కాదు. ఏదో ఒక్క అట్టను పట్టుకుని అమెరికా మనసు ఇదీ అంటే తప్పే. బలం వరుసలో ఉంది. బడ్జెట్ కంపెనీకి ప్రకటనల డబ్బు లేదు, రుచుల్ని మార్చే తాహతు లేదు, పోని సరుకు పంపిణీదారు తిరిగి తెచ్చేస్తాడు. ఒక బొమ్మ పనిచేయకపోతే మళ్లీ రాదు. పదేళ్లపాటు, పోటీ కంపెనీలన్నీ, మళ్లీ మళ్లీ అదే కొబ్బరిచెట్టును అచ్చువేశాయంటే అది అమ్ముడుపోతోందని అర్థం. ఆ కొబ్బరిచెట్టుకు కారణాలూ కనిపిస్తాయి. యుద్ధకాలంలో పసిఫిక్ దీవుల్లో పనిచేసి తిరిగొచ్చిన లక్షలాది సైనికులు, 1959లో రాష్ట్రమైన హవాయి, అప్పుడే మొదలైన జెట్ విమానాలు. టికెట్టు కొనలేని కుటుంబం రెండు డాలర్ల లోపు హవాయిని ఇంటికి తెచ్చుకుంది. బ్రిటన్‌లో జెఫ్ లవ్ ఆర్కెస్ట్రా మ్యూజిక్ ఫర్ ప్లెజర్ కోసం చేసిన యుద్ధ సినిమాల సంగీతం, కౌబాయ్ సినిమాల సంగీతం విరగబడి అమ్ముడయ్యాయి. అవి వీడియోలు లేని కాలంలో సినిమాను ఇంట్లో మళ్లీ చూసుకునే దారి. పైగా మిగిలిన కాపీలే సాక్ష్యం చెబుతాయి. గాడి అరిగిన రికార్డు అంటే మోగిన రికార్డు. అట్ట మూలన బాల్‌పెన్నుతో పిల్లలు రాసుకున్న పేరు, ఎవరింటి పార్టీకో తీసుకెళ్లి పోగొట్టుకోకుండా వేసిన పొడి అక్షరాలు, దుకాణం చీటీ. శుభ్రంగా ఉన్న కాపీ కన్నా ఇలాంటి మాసిన కాపీకే ఎక్కువ విలువ కట్టాలన్నది నా పక్షం. సేకర్తల మార్కెట్ దీనికి పూర్తిగా విరుద్ధంగా నడుస్తుందని తెలుసు.

మరి ఆ అట్టల మీది ఆడవాళ్ల సంగతి? ఇతర జాతుల వేషాల సంగతి? వీటిని గోడకు తగిలించి మురిసిపోవడం ఆ చూపును మళ్లీ బతికించడం కాదా? అభ్యంతరంలో నిజం ఉంది, దాన్ని "ఆ కాలం అలాంటిది" అని దులిపేయడం సులువు, అన్యాయం కూడా. టాప్ ఆఫ్ ద పాప్స్ అట్టల మీది అమ్మాయిల్లో ఎక్కువమంది పేర్లు అట్ట మీద ఎక్కడా ఉండవు. పాడినవాళ్ల పేర్లూ ఉండవు కాబట్టి ఆ విషయంలో మాత్రం సమానత్వం పాటించారనుకోవాలి. అయితే ఈ రోగం చవక కంపెనీలదే కాదు. హెర్బ్ ఆల్పర్ట్ బృందం 1965లో తెచ్చిన, ఒంటినిండా నురగ కప్పుకున్న మోడల్ అట్ట పూర్తి ధర రికార్డే, ఏ అండ్ ఎం లాంటి పేరున్న కంపెనీదే. చవక కంపెనీ అదే పనిని మొహమాటం లేకుండా చేసింది. జాతి విషయంలోనూ అంతే. పైన చెప్పిన జెఫ్ లవ్ ఇంగ్లండ్‌లో యార్క్‌షైర్‌లో పుట్టిన నల్లజాతి బ్రిటిష్ సంగీతకారుడు. దక్షిణ అమెరికా కొండల సంగీతం అమ్మాల్సి వచ్చినప్పుడు ఈఎంఐ ఆయన్ను మాన్యుయేల్‌ను చేసింది. కొనేవాడికి కావాల్సింది కొండలు, యార్క్‌షైర్ మనిషి కాదు. ఇలాంటి అట్టల్ని దాచేస్తే ఈ వ్యవహారం రుజువు లేకుండా పోతుంది. ప్రదర్శించేవాళ్లు పక్కన నాలుగు ముక్కలు రాసిపెట్టాలి, అంతే.

నవ్వుకోవడానికే సేకరిస్తున్నారన్న విమర్శ ఎక్కువగా సేకర్తలు తెచ్చిపెట్టుకున్నదే. 1990ల్లో అమెరికాలో ఈ సరదా ఊపందుకుంది. 1993లో శాన్‌ఫ్రాన్సిస్కో ప్రచురణ సంస్థ రీసెర్చ్ తెచ్చిన ఇన్‌క్రెడిబ్లీ స్ట్రేంజ్ మ్యూజిక్ పుస్తకం దీనికి ఓ పంచాంగంలా పనిచేసింది. ఆ తర్వాత వచ్చిన "ప్రపంచంలోకెల్లా ఘోరమైన అట్టలు" తరహా సంకలనాల్లో వెక్కిరింత తప్ప మరొకటి కనిపించదు. చదువుకున్న నగరవాసి, తన తాతమ్మల అభిరుచిని చూసి కిసుక్కుమనడం. ఆ నవ్వులో వర్గ గర్వం ఉంది, దాన్ని సమర్థించలేను. కానీ నవ్వుతూనైనా వాళ్లు పదేసి వేల అట్టల్ని చెత్తబండి ఎక్కకుండా ఆపారు. పట్టుచీరను బీరువాలో దాస్తాం, రోజూ కట్టిన నేతచీర చిరిగి మసిగుడ్డ అవుతుంది. తర్వాత ఎవరైనా ఆ ఇంటి ఆడవాళ్లు ఏం కట్టేవారని అడిగితే చూపించడానికి పట్టుచీరే మిగులుతుంది. లైబ్రరీలూ ఎక్కువ భాగం పట్టుచీరలే దాచాయి. మినహాయింపులు లేకపోలేదు. ఒహాయోలోని బౌలింగ్ గ్రీన్ విశ్వవిద్యాలయం 1967 నుంచి జనం విన్నదేదైనా దాచాలనే లెక్కతో రికార్డుల భాండాగారం నడుపుతోంది. అలాంటివి వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే.

ఈ పని శ్రద్ధగా చేసేవాళ్లు చరిత్రకారుడి ఓపికతోనే చేస్తారు. తేదీ లేని అట్టకు తేదీ కట్టడం చూడండి. అమెరికా రికార్డు వెనక కంపెనీ చిరునామాలో ఐదంకెల జిప్ కోడ్ ఉంటే అది 1963 తర్వాతిది, ఎందుకంటే ఆ కోడ్లు ఆ ఏడాదే వచ్చాయి. బ్రిటన్ రికార్డు మీద ధర చీటీ షిల్లింగుల్లో ఉంటే 1971 ఫిబ్రవరికి ముందుది, ఆ నెలలోనే దశాంశ నాణేల పద్ధతి అమల్లోకి వచ్చింది. లేబుల్ చుట్టూ పాట లేని నున్నటి వలయంలో గీతల్లాంటి అంకెలుంటాయి. వాటిని దీపానికి ఏటవాలుగా పట్టి చదివి, వేరే పేరుతో, వేరే అట్టలో ఉన్న ఇంకో రికార్డు అంకెలతో సరిచూస్తే రెండూ ఒకే టేపు అని తేలుతుంది. అలా తేల్చే ఒక్కొక్క ముడితో, లేని ఆర్కెస్ట్రాల వెనక ఉన్న మనుషులు కొద్దికొద్దిగా బయటికొస్తున్నారు.

మన దగ్గర ఎల్పీ ఎప్పుడూ చవక వస్తువు కాలేదు. రికార్డు ప్లేయరే కొద్ది ఇళ్లలో ఉండేది, గ్రామఫోన్ కంపెనీకి పోటీ తక్కువ. బడ్జెట్ రికార్డు చేసిన పనిని ఇక్కడ 1980ల్లో క్యాసెట్ చేసింది. టీ సిరీస్ 1983లో మొదలై, కాపీరైట్ చట్టం 52వ సెక్షన్లోని వెసులుబాటు పట్టుకుని, పాత హిందీ హిట్లను కొత్త గొంతులతో పాడించి, దేశమంతటా పాన్‌షాపుల దాకా చేర్చింది. రఫీ పాటల్ని అలా పాడిన కుర్ర సోనూ నిగమ్‌కు పేరొచ్చింది ఆ క్యాసెట్లతోనే. 2012 సవరణ ఆ వెసులుబాటుకు కొత్త సెక్షన్, ఐదేళ్ల గడువు పెట్టేసరికి ఆ వ్యాపార యుగమే ముగిసిపోయింది. ఆ క్యాసెట్ల కార్డుల మీద కూడా అసలు గాయకుడి పేరు పెద్దగా, పాడినవాళ్ల పేరు చిన్నగా ఉండేవి. తెలుగు ఊళ్ల బస్టాండ్ల దగ్గర అమ్మిన భక్తిపాటల, పాత సినిమా పాటల క్యాసెట్ల కార్డులు ఎంతమంది దాచారో అనుమానమే. మీ అటక మీద అలాంటి పెట్టె ఏదైనా ఉంటే, సాగిపోయిన టేపు పారేసినా ఫరవాలేదు, కార్డు మాత్రం పారేయకండి. దాని వెనక ఏ ఊళ్లో, ఏ దుకాణంలో, దాదాపు ఏ ఏడాది కొన్నారో పెన్సిల్‌తో రాసిపెట్టండి.